ఓడవాళ్ళ నీలం డ్రమ్ము

రామాంజినమ్మ తొలి వాయి బజ్జీలు అమ్మదు. పామిడి బస్టాండు పక్కన ఆ బండి పెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. ఆ నియమం ఒక్కరోజు తప్పలేదు. తెల్లవారి ఐదున్నరకు పొయ్యి వెలిగిస్తుంది. బాణలి పెడుతుంది. బండి చువ్వకు కట్టిన కసాపురం ఆంజనేయస్వామి పటానికి దణ్ణం పెట్టుకుని, ఎనిమిది మిరపకాయలు శనగపిండిలో ముంచి నూనెలో వదులుతుంది. ఆ ఎనిమిదీ ఎవరికి పోతాయన్నది ఆ పూట స్వామి నిర్ణయం. రోడ్డు ఊడ్చే ఇద్దరు ఆడవాళ్ళకు నాలుగు. గుంతకల్లు తొలి బస్సు డ్రైవరుకు రెండు. తక్కిన రెండు, బస్టాండు బెంచీనే ఇల్లు చేసుకున్న ఒక ముసలాయనకు. ఆయన పేరు ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ గౌరవంగా సామీ అంటారు. ఎవరైనా జేబులో చెయ్యి పెడితే రామాంజినమ్మ ఒకటే మాట అంటుంది.

"ఇది నాది కాదప్పా, పొయ్యిది. నాది రెండో వాయి నుంచి."

ఇంకో నియమం కూడా ఉంది. ఒకసారి బాణలిలో పోసిన నూనెను రెండు రోజులకు మించి వాడదు. అందుకే ఆమె లాభం ఎప్పుడూ పక్క బండ్లవాళ్ళ లాభంలో సగమే. ఇది తెలివితక్కువతనమని ఆ వీధిలో అందరూ ఒప్పుకున్న సంగతి. అలా మిగిలిన నూనెను గుడ్డతో వడగట్టి ఐదు లీటర్ల రేకు డబ్బాలో పోసి, గుంతకల్లు రోడ్డులో కొలిమి పెట్టుకున్న లింగప్పకు పంపేది.

లింగప్ప లారీల పాత కమాను పట్టీలు కొని, వాటిని కొట్టి కొడవళ్ళూ, కలుపు తీసే తొలికలూ చేస్తాడు. ఎర్రగా కాలిన ఇనుమును నీళ్ళలో ముంచితే బిరుసెక్కుతుంది; కంటికి కనపడని పగులు పడుతుంది; మొదటి రాయి తగలగానే రెండు ముక్కలవుతుంది. ఈ నేలలో మొదటి రాయి తగలడానికి ఎంతో సేపు పట్టదు. నూనెలో ముంచితే ఇనుము నెమ్మదిగా చల్లారి, పదును నిలుస్తుంది. మిరపకాయ బజ్జీలు వేగిన నూనెలో చల్లారిన కొడవలికి కోపం ఎక్కువని చుట్టుపక్కల పల్లెల కూలీలు నవ్వుకునేవారు గాని, కొడవలి కావాల్సి వస్తే లింగప్ప దగ్గరికే వచ్చేవారు.

ఆ డబ్బా లింగప్ప ఇంటినుంచి ఎన్నడూ ఖాళీగా తిరిగి రాలేదు. ఒకసారి గుప్పెడు చింతపండు, ఒకసారి రెండు నిమ్మకాయలు, ఏమీ లేని వారం ఆమె కత్తిపీటకు సానపట్టి ఆ కబురే డబ్బాతో పంపేవాడు. పరాయివాళ్ళ గిన్నె ఉత్తగా పంపకూడదని ఇద్దరికీ చిన్నప్పుడే వాళ్ళ ఇళ్ళల్లో నేర్పారు. వాళ్ళు చదివిన చదువులో ముఖ్యమైన పాఠం అదే.

రామాంజినమ్మది వజ్రకరూరు పక్కన ఒక పల్లె. తొలకరి వాన పడగానే వాళ్ళ నాయన ఆమెను చేన్లకు తీసుకుపోయేవాడు, సాగు చేయడానికి కాదు, వజ్రాలు ఏరడానికి. ఏడేళ్ళు ఏరారు. ఏడో ఏట ఒకటి దొరికింది. దాన్ని గుడ్డలో చుట్టి గుత్తికి తీసుకుపోతే, అది సోడా బుడ్డి పెంకు అని వ్యాపారి చెప్పి, అంత దూరం నడిచి వచ్చారని జాలిపడి ఇద్దరికీ టీ తాగించాడు. మరుసటేడు నాయన మళ్ళీ బయలుదేరాడు గాని, ఆమె రానంది. పెళ్ళయి పామిడికి వచ్చింది. భర్త కుళ్ళాయప్ప ఈ బండిని, పొయ్యిని, తొలి వాయి నియమాన్ని ఆమెకు అప్పగించి తొమ్మిదేళ్ళ కిందట పోయాడు. కూతురు మహేశ్వరి రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుడుతుంది. ఆ ప్యాంట్లు ఓడెక్కి ఎక్కడికో పోతాయని కూతురు ఒకసారి చెప్పింది. సముద్రంతో ఆ కుటుంబానికి ఉన్న చుట్టరికం అంతే. రామాంజినమ్మ చూసిన అతి పెద్ద నీళ్ళు పెన్న. ఆ పెన్నలో కూడా ఏటా చాలా నెలలు ఆమె చూసింది ఇసుకే.

కాబట్టి, పోయినేడు మృగశిర కార్తె ఎండల్లో ఒక తెల్ల వ్యాను ఒంటిమీద పెద్ద ఓడ బొమ్మ వేసుకుని బస్టాండులో ఆగినప్పుడు, అది దారి తప్పి వచ్చిందని అందరూ అనుకున్నారు. ఓడ స్తంభానికి జెండా బదులు ఒక పచ్చటి ఆకు మొలిచి ఉంది. పామిడిలో ఆ నెలలో కనపడిన పచ్చటి ఆకు అదొక్కటే.

వ్యానులోంచి భరత్‌కుమార్ దిగాడు. అనంతపురం పిల్లవాడు, పాతికేళ్ళుంటాయి, మెడలో కంపెనీ బిళ్ళ. పదకొండు బజ్జీల బండ్లవాళ్ళనూ చెట్టు నీడ లేదు కాబట్టి బస్సు నీడన నిలబెట్టి, ప్రపంచ పరిస్థితి వివరించాడు. ప్రపంచంలో సరుకంతా ఓడల్లోనే తిరుగుతోందట. ఆ ఓడలు తారులాంటి నల్లటి నూనె తాగి సముద్రం నిండా పొగ వదులుతున్నాయట. ఆ పొగవల్ల భూమి వేడెక్కి వానలు దారి తప్పుతున్నాయట. అందుకని దొరలంతా కూర్చుని, ఇంకో పాతికేళ్ళలో ఈ పొగ మాన్పిస్తామని ఒట్టు వేసుకున్నారట. దానికి దారి ఏమిటయ్యా అంటే, పామిడిలో బజ్జీలు వేయించగా మిగిలిన నూనె.

పక్క బండి తిప్పయ్య మొదట తేరుకున్నాడు.

"అంటే ఏమన్నా, మా బజ్జీల నూనె పోసుకోని ఓడ నడుస్తాదా?"

"శుద్ధి చేసి, వాళ్ళ నూనెలో నాలుగో వంతు కలుపుతారు. నడుస్తాది."

"మరి సముద్రమంతా మిరపకాయ వాసన వస్తాదేమప్పా. చేపలకు పొరబోతాది గదా."

అందరూ నవ్వారు. రామాంజినమ్మ నవ్వలేదు. ఆమెకు అతను చెప్పినదాంట్లో ఒక్క ముక్కే చెవిన పడింది.

"ఆ పొగ తగ్గితే వానలు వస్తాయా నాయనా?"

భరత్‌కుమార్ మంచి పిల్లవాడు. ఉద్యోగంలో చేరి మూడు నెలలే కావడంవల్ల అబద్ధానికి కొంచెం తడబడతాడు. "వస్తాయనే చెప్తాండారు పెద్దమ్మా" అన్నాడు, చెప్పేవాళ్ళు ఎవరో చెప్పకుండా.

"అట్లయితే రాసుకో నా పేరు."

ఒప్పందం పదకొండు పేజీలు, ఇంగ్లీషులో. అందులో ముఖ్యమైనది అతను తెలుగులో చెప్పాడు: ఏడాదిపాటు వాడిన నూనె మొత్తం కంపెనీదే, చుక్క కూడా బయటికి పోకూడదు. అక్కడ రామాంజినమ్మ చెయ్యి ఆగింది.

"మా లింగప్పన్నకు ఇస్తాండా గదా. ఆయప్ప కొలిమికి కావాల."

"కొలిమికి ఎందుకు పెద్దమ్మా? నూనె కాలితే పొగ కదా."

"ఓడలో మాత్రం కాలదా?"

"కాలుతాది. కానీ ఆడ కాలితే లెక్కలో పొగ తగ్గినట్టు. ఈడ కాలితే లెక్కకే రాదు." తన మాట తనకే పొసగక అతను మెడలో బిళ్ళ సవరించుకున్నాడు. "ఆయనకు వేరే ఏర్పాటు చేపిస్తాం. నేను రాసుకుంటాండా చూడు." నిజంగానే రాసుకున్నాడు. ఆ కాగితం ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.

స్వామి పటం ఎదురుగా ఆమె సంతకం పెట్టింది. ఐదో తరగతి చదివిన సంతకం, అక్షరానికొక నిమిషం. పెట్టాక ఆ మాట ఇక కదలదు. ఆమె సంతకం చేయగానే తక్కిన పదిమందీ చేశారు, ఆమె చేసిన పనిలో మోసం ఉండదన్న ధైర్యంతో.

మరునాడు బండికొకటి చొప్పున నీలం డ్రమ్ములు వచ్చాయి. కొత్తవి, మూత బిగించేవి. రామాంజినమ్మ తన డ్రమ్మును కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. దాని మీద ఉన్న ఓడ బొమ్మకు కూడా ఒక బొట్టు పెట్టింది. నీళ్ళమీద తిరిగేది, క్షేమంగా తిరగాలి కదా. లింగప్పకు తనే పోయి సంగతి చెప్పింది. ఆయన కొలిమి ముందు కూర్చుని అంతా విన్నాడు.

"మంచి పనే గదమ్మా. వానలొస్తే నాకు మాత్రం పని ఉండదా. నేను యాడన్నా చూసుకుంటాలే."

చూసుకోవడం ఎలాగో ఆయనకూ తెలియదు, ఆమెకూ తెలియదు.

నెల నిండింది. డ్రమ్ము తీసుకుపోవడానికి రేపు వ్యాను వస్తుందనగా, సాయంకాలం రామాంజినమ్మ డ్రమ్ము మూత తీసి చూసి చాలాసేపు నిలబడింది. డ్రమ్ము పరాయివాళ్ళది. లోపల ఉన్నది వాళ్ళకు అమ్మిన సరుకు. దానికి డబ్బు ఇస్తున్నారు. అమ్మిన సరుకు పెట్టిపోత ఎలా అవుతుంది? అంటే డ్రమ్ము ఉత్తగా పోతున్నట్టే లెక్క. పైగా ఎక్కడో నడిసముద్రంలో పోయేవాళ్ళ బండికి, అంతా మాడిన నూనేనా? ఆమె జయరామయ్య శెట్టి అంగడికి పోయి, గానుగ నుంచి వచ్చిన వేరుశనగ నూనె ఒక లీటరు తెచ్చి, పైన పోసి మూత పెట్టింది. అప్పుడు గాని మనసు కుదుటపడలేదు.

అలా ప్రతి నెలా చేసింది. ఎవరికీ చెప్పలేదు. పెట్టింది చెప్పుకోకూడదని కూడా ఆ ఇంట్లోనే నేర్పారు.

పక్క బండి తిప్పయ్య ఇంకో రకంగా ఆలోచించాడు. అతను ప్రపంచ పరిస్థితిని ఆమెకంటే లోతుగా అర్థం చేసుకున్నవాడు. వాడిన నూనెకు కంపెనీ ఇచ్చే ధర, కొత్త పామాయిలు ధరకంటే ఎక్కువని రెండో వారానికే గ్రహించాడు. దొరలకు మాడిన నూనె కావాలి. మాడ్చడానికి బజ్జీలు ఎందుకు? మధ్యాహ్నం గిరాకీ లేని వేళ డబ్బాల కొద్దీ కొత్త పామాయిలు బాణలిలో పోసి, రెండు గుప్పిళ్ళ ఎండుమిర్చి, కొంచెం పిండి విదిలించి, నల్లబడేదాకా ఊరికే కాచేవాడు. పొయ్యిలో కట్టెలు భగభగా మండేవి. ఆ పామాయిలు అసలు ఎక్కడో దీవుల్లోనుంచి ఓడలోనే వచ్చింది, దారి పొడవునా నల్లపొగ వదులుకుంటూ. ఇప్పుడు పామిడిలో ఒక పూట కాగి, నల్లబడి, ఓడల పొగ మాన్పడానికి తిరిగి ఓడ దగ్గరికే బయలుదేరుతోంది. ఇంత తీర్థయాత్ర చేసిన నూనె ఈ జిల్లాలో ఇంకొకటి లేదు.

"ఏం తిప్పయ్యా, గిరాకీ లేకుండా కాస్తాండావు?" అని రామాంజినమ్మ ఒకసారి అడిగింది.

"ఓడకు ఆకలెక్కువక్కా. నువ్వు రెండు దినాలకే నూనె మారుస్తాండావు, దానికి రుచి యాడ తెలుస్తాది?" అన్నాడు తిప్పయ్య. మూడో నెలకు అతనికి కంపెనీవాళ్ళు శాలువా కప్పి, ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. అందులో అతన్ని సముద్ర మిత్రుడు అని రాశారు. తిప్పయ్య దాన్ని అద్దం కట్టించి బండికి తగిలించాడు. అతను కూడా సముద్రం చూడలేదు. అతనిలో ఒక మంచితనం ఉంది, అది కూడా చెప్పాలి: రామాంజినమ్మ మోకాళ్ళ నొప్పితో బాధపడే రోజుల్లో ఆమె నీళ్ళ బిందెలు అతనే మోసిపెడతాడు, అడగకుండా.

ఇక లింగప్ప. ఆషాఢమాసంలో ఆయన నీళ్ళతో పని మొదలుపెట్టాడు. ఇరవై కొడవళ్ళలో తొమ్మిది విరిగాయి. విరిగిన ప్రతిదానికీ ఇంకొకటి ఉత్తగానే చేసి ఇచ్చాడు. అవి కూడా విరిగాయి. శ్రావణం చివర్లో మెకానిక్ షెడ్డులో పారబోసే ఇంజను నూనె తెచ్చి చూస్తే, ఆ పొగకు కళ్ళు వాచి మూడు రోజులు కొలిమి మూసేశాడు. రామాంజినమ్మ ఆగలేక, శెట్టి అంగట్లో పామాయిలు డబ్బా కొని మోసుకుపోయింది.

"కొత్త నూనె వద్దమ్మా" అన్నాడు లింగప్ప. తడిగుడ్డ కళ్ళమీద పెట్టుకుని ఉన్నాడు. "ఒక్కరి కడుపు కూడా నింపని నూనెలో ఇనుం ముంచితే తప్పు తగులుతాది. అది ముందు బజ్జీ ఏంచాల. మనుషులు తినాల. ఆమీద నాకు రావాల. అది వరస."

"వరస నేనే చెడగొట్టినా లింగప్పన్నా."

"నువ్వేం చెడగొట్టలేదు. దేశం కోసం పెట్టినావు సంతకం. నేను దసరా దాకా చూస్తా. అప్పటికీ కుదరకుంటే కొలిమి ఎత్తేసి బెంగళూరికి పోతా. మా తోడల్లుడు ఆడ అపార్టుమెంటుకు వాచ్‌మెను. గేటు తెరిచేదానికి నూనె అక్కర్లేదంట."

ఆయన నవ్వుతూనే అన్నాడు. రామాంజినమ్మ ఇంటికి వచ్చి ఆ పూట అన్నం తినలేదు. సంతకం చేసిన చెయ్యి ఆమెది. ఒప్పందం ఏడాది. దసరాకు ఆరు వారాలు. ఒక డబ్బా నూనె చాటుగా పంపితే ఎవరికీ తెలియదు, తిప్పయ్య అయితే పది పంపేవాడు. కాని స్వామి పటం ఎదురుగా పెట్టిన సంతకం అది. రోజూ ఉదయం ఆ పటం కళ్ళలోకి చూడాలి. ఆమె దణ్ణం పెట్టుకుని ఒకటే అడిగేది: మాట తప్పకుండా మాట పోయే దారి ఏదన్నా ఉంటే చూడు తండ్రీ. ఇంత చిక్కు కోరిక స్వామికి కూడా అరుదుగా వచ్చి ఉంటుంది.

దారి భాద్రపదంలో వచ్చింది, అది కూడా తిప్పయ్య పుణ్యాన.

పామిడి బస్టాండులో పదకొండు బండ్లనుంచి వస్తున్న నూనె, అనంతపురం నగరమంతా కలిపి ఇస్తున్న నూనెకు సమానంగా ఉందని ఎక్కడో సముద్రం అవతల ఒక కంప్యూటరు కనిపెట్టింది. పామిడి జనం రోజుకు తలా నలభై బజ్జీలు తింటే తప్ప అంత నూనె మిగలదట. నిజం తేల్చడానికి, డ్రమ్ములు ఎత్తే రోజునే భరత్‌కుమార్ వ్యానులో హైదరాబాదు ఆడిటర్ పద్మజ వచ్చింది. ముప్పై ఐదేళ్ళ మనిషి, మెత్తటి మాట, చేతిలో థర్మామీటరులాంటి ఒక యంత్రం. నూనెలో ముంచితే అది ఎంత మాడిందో అంకెల్లో చెబుతుంది.

మొదట తిప్పయ్య డ్రమ్ము. యంత్రం ముంచగానే అంకె గబగబా పైకెక్కింది. పద్మజ సంతోషంగా తల ఊపింది.

"బాగా వాడిన నూనె. ఎక్కడా కల్తీ లేదు."

"కల్తీ మన ఇంటా వంటా లేదు మేడమ్" అన్నాడు తిప్పయ్య, సముద్ర మిత్రుడి పటం దుమ్ము తుడుస్తూ.

తర్వాత రామాంజినమ్మ డ్రమ్ము. మూత తీయగానే కమ్మటి వేరుశనగ నూనె వాసన వచ్చింది. నిన్న సాయంత్రం పోసింది ఇంకా కలవక, పైన బంగారంలా తేటగా ఉంది. పద్మజ యంత్రం ముంచింది. అంకె కదలనంది. తుడిచి మళ్ళీ ముంచింది. డ్రమ్ము మీద బొట్టు చూసింది, ఆమె ముఖం చూసింది.

"అమ్మా, ఇందులో కొత్త నూనె కలిపారా?"

"కలిపినానమ్మా."

భరత్‌కుమార్ గబుక్కున అడ్డొచ్చాడు. "పెద్దమ్మకు మీ ప్రశ్న అర్థం కాలేదు మేడమ్."

"అర్థమైంది లేప్పా. నెలనెలా కలుపుతాండా. ఒక లీటరు. చెనిక్కాయ నూనె, శెట్టి అంగట్లో గానుగది. రవ్వంత కూడా కల్తీ లేదు."

పద్మజ పెన్ను కింద పెట్టింది. ఆమె తన ఉద్యోగంలో ఎందరో మోసగాళ్ళను పట్టుకుంది. వాళ్ళు ఏడ్చారు, అరిచారు, పెద్దవాళ్ళకు ఫోన్లు చేశారు. నాణ్యత గురించి హామీ ఇచ్చిన మోసగత్తెను ఇదే మొదటిసారి చూడటం.

"ఎందుకు కలిపారమ్మా? కొత్త నూనె ధర ఎక్కువ కదా. గానుగ నూనె ఇంకా ఎక్కువ. మీకే నష్టం."

"డ్రమ్ము మీది గదమ్మా. పరాయోళ్ళ గిన్నె ఉత్తగా ఎట్ల పంపేది?"

"ఉత్తగా ఎక్కడ, వాడిన నూనె ఉంది కదా."

"అది మీకు అమ్మినది. అమ్మినది పెట్టినట్టు ఎట్లయితాది?"

పద్మజ పలకలాంటి ఫోను తీసి, అందులో ఫారం తెరిచింది. కొత్త నూనె కలపడానికి కారణం అన్నచోట నాలుగు గళ్ళున్నాయి: అధిక ధర కోసం, బరువు పెంచడానికి, ఇతరుల ఒత్తిడివల్ల, పొరపాటున. మర్యాద కోసం అనే గడి లేదు. ఆ ఫారం తయారుచేసిన ఊళ్ళో గిన్నెలు ఎలా తిరిగి ఇస్తారో మనకు తెలియదు.

"చూడండమ్మా, ప్రపంచమంతా ఇలాగే మోసం చేస్తున్నారు. మంచి నూనెను వాడిన నూనె అని చెప్పి అమ్ముతున్నారు. అందుకే రూలు గట్టిగా ఉంటుంది. మీరు ఆ మనిషి కాదని నాకు తెలుస్తోంది. నేను పొరపాటున అని నొక్కుతాను. మీరు ఒక సంతకం పెడితే చాలు."

"పెట్టు పెద్దమ్మా" అని భరత్‌కుమార్ వేడుకున్నాడు. "పొరపాటు అయిందను. నిన్నేమీ అనరు."

"సంతకం పెడితే ఏమైతాది?"

"హెచ్చరిక రాసి వదిలేస్తారు. ఒప్పందం ఇంకో ఏడాది పొడిగిస్తారు" అంది పద్మజ.

"పెట్టకుంటే?"

"మీ పేరు కొట్టేయాల్సి వస్తుంది. ఈ డ్రమ్ము నూనె పనికిరాదని ఇక్కడే వదిలేసి పోతాం. మూడేళ్ళపాటు మా కంపెనీ గాని, ఇంకే కంపెనీ గాని మీ నూనె తీసుకోదు."

రామాంజినమ్మ జల్లిగరిటె పక్కన పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుంది.

"ఒకటి అడుగుతానమ్మా, ఏమనుకోవద్దు. పేరు కొట్టేసినాక, నేను పెట్టిన సంతకం ఉంటాదా, పోతాదా?"

"అది కూడా రద్దవుతుంది."

"నేను మాట తప్పినట్టు కాదు గదా?"

"కాదు. మేమే రద్దు చేసినట్టు."

"మూడేళ్ళు నా నూనె ఎవురూ అడగరు."

"అడగరమ్మా. అదే నా బాధ."

రామాంజినమ్మ చువ్వకు కట్టిన పటం వైపు ఒకసారి చూసింది. స్వామి ఎప్పటిలాగే కొండ మోసే పనిలో ఉన్నాడు. ఏమీ ఎరగనట్టు.

"అట్లయితే పొరపాటున అని రాయొద్దు తల్లీ. తెలిసే పోసినా. అబద్ధానికి సంతకం పెట్టలేను. వచ్చే నెల డ్రమ్ము పంపమన్నా మళ్ళా పోస్తా."

"ఏమక్కా, పిచ్చి పట్టిందా నీకు?" అన్నాడు పక్కనుంచి తిప్పయ్య. అతని గొంతులో నిజమైన బాధే ఉంది. "సముద్రమంత గిరాకీ తన్నేసుకుంటాండావు."

"నువ్వుండావు గదప్పా సముద్రానికి."

పద్మజ నాలుగు గళ్ళూ మళ్ళీ చదివి, చివరికి మొదటి గడి నొక్కింది, ఇంకేదీ సరిపోక. అధిక ధర కోసం. ఆ విధంగా, ఓడల పొగ మాన్పే మహాకార్యంలో పామిడి బస్టాండునుంచి పట్టుబడిన ఏకైక మోసగత్తెగా రామాంజినమ్మ పేరు సముద్రం అవతలి కంప్యూటరులోకి ఎక్కింది. తిప్పయ్యకు ఇంకో రెండు డ్రమ్ములు మంజూరయ్యాయి.

పైనున్న కొత్త నూనెను రామాంజినమ్మ వేరే గిన్నెలోకి తోడేసుకుంది. భరత్‌కుమార్ తల వంచుకుని, డ్రమ్ములో మిగిలిన నూనెను ఆమె ఇంటి గంగాళంలోకి వంచడానికి తానే పట్టాడు. కొత్త చొక్కా మీద నూనె చుక్కలు పడినా చూసుకోలేదు. "పెద్దమ్మా, ఆ దినం వానల సంగతి నేను చెప్పింది..." అని ఆగిపోయాడు.

"నువ్వు చెప్పినావని గాదు లేప్పా, నాకు ఇష్టమై నమ్మినా. వస్తే మంచిదే గదా." రెండు ప్లేట్లలో బొరుగుల ఉగ్గాని పెట్టి, పప్పుల పొడి చల్లి, పక్కన రెండేసి బజ్జీలు ఉంచి, ఒకటి అతనికి, ఒకటి పద్మజకు అందించింది. పద్మజ డబ్బు తీయబోతే వారించింది. "పొద్దున్నుంచి మీరేమీ తినలేదు. తిని పోండి. పేరు కొట్టేసినామని మొగమాట పడొద్దు."

పద్మజ బెంచీ మీద సామి పక్కన కూర్చుని తిన్నది. తినేటప్పుడు ఫారం వైపు చూడలేదు.

వాళ్ళు తినేలోపల రామాంజినమ్మ బండి కింద వంగి, మూడు నెలలుగా బోర్లించి ఉన్న రేకు డబ్బాను బయటికి తీసింది. దుమ్ము తుడిచింది. గంగాళంలోని నూనె ముంచి గుడ్డలో వడగట్టి, అంచుదాకా నింపింది. మూత బిగించి, నూనె కారకుండా చుట్టూ గోనెగుడ్డ కట్టింది. దసరాకు ఇంకా పదహారు రోజులున్నాయి.

"మీరు ఇప్పుడు ఏ దిక్కు పోతారమ్మా?"

"గుంతకల్లు. అక్కడ ఇంకో పద్నాలుగు బండ్లు చూడాలి."

"అయితే ఒక సాయం చేసి పెట్టండి." ఓడ బొమ్మ వేసిన వ్యాను తలుపు తీసి, డబ్బాను సీటు పక్కన ఒరగకుండా ఆమే సర్దింది. "ఊరు దాటినాక ఎడమ పక్కన కొలిమి ఉండాది. లింగప్ప అంటే ఎవురైనా చూపిస్తారు. ఈ డబ్బా ఆయప్ప చేతికి ఇచ్చి, రామాంజినమ్మ పంపింది, వరస తప్పలేదు, బజ్జీలు వేగిన నూనేనని చెప్పండి. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు డబ్బా తీసుకురండి తల్లీ. ఉత్తగా ఇయ్యడు ఆయప్ప. దాంట్లో ఏం పెట్టిచ్చినా వద్దనకండి."